నకల్ రాయించే చేతిని పట్టుకున్న చేయి

కొన్నేళ్ల కిందటి రంజాన్ పండగ ఫొటో ఒకటి ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మా ఖాలా కూతురి ఒళ్లో ఏడు నెలల కొడుకు. నెత్తిన జరీ టోపీ, కళ్లకు సుర్మా. ఇంట్లో వెలుతురు చాలక ఎవరో ఫ్లాష్ వేసి తీశారు. ఫ్లాష్ ఫొటోల్లో అందరికీ పడినట్టే పిల్లాడి కుడికన్ను ఎర్రగా పడింది. ఎడమకన్ను మాత్రం తెల్లగా, చీకట్లో పిల్లి కన్నులా మెరిసింది. అందరం చూశాం. "మాషా అల్లా, బిల్లీ ఆంఖోంవాలా" అని నవ్వుకున్నాం కూడా.

రెండు నెలలు తిరక్కుండానే ఆ కన్ను మెల్లగా పక్కకు వాలడం మొదలైంది. నజర్ తగిలిందన్నారు. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు, తావీజ్ కట్టారు. ఆ తర్వాత ఇల్జామ్‌లు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజున కత్తి పట్టుకుని కూరగాయలు కోసిందని అత్తగారు. మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని మిద్దెక్కిందని ఆడబిడ్డ. మా వైపు వాళ్లేం తక్కువ తినలేదు, మందులేవో వద్దన్నా మింగిందని గొణిగారు. నా సంగతీ చెప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో వార్తలు రాస్తున్నవాణ్ని, దమ్ చేసే ఒక హజ్రత్ నంబరు ఇచ్చి ఊరుకున్నాను. అలా నాలుగు నెలలు పోయాయి.

చివరికి డాక్టర్ చూసేసరికి జబ్బు రెండు కళ్లలోనూ ఉంది. రెటినోబ్లాస్టోమా, అంటే కంటి లోపలి రెటీనా పొరలో పుట్టే క్యాన్సర్. ఎడమకన్ను తీసేశారు. కుడికన్ను కీమోతో, లేజర్‌తో నిలిచింది, అల్‌హందులిల్లా. ఆపరేషన్ రోజున మా చెల్లెలు డాక్టరమ్మను అడిగిన సవాల్ ఒక్కటే: "నేనేం చేశానమ్మా?" ఆవిడ చెప్పిన జవాబు నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. "నువ్వేం చెయ్యలేదు. మన ఒంట్లో ఒక ప్రోటీన్ ఉంటుంది, ఇంకో ప్రోటీన్‌ను పట్టి ఉంచడం దాని పని. వీడి కంట్లో ఆ పట్టుకునేది లేకుండా పోయింది, అంతే."

ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌ను పట్టి ఉంచడమేమిటి? వదిలేస్తే కన్ను పోవడమేమిటి? ఉర్దూ మీడియం స్కూల్లో సైన్సును 'సాయిన్స్' అని చదివి, డిగ్రీకి తెలుగు సాహిత్యం పట్టినవాణ్ని. ఆ ఒక్క జుమ్లా అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇది ఆ జుమ్లా తారీఖ్.

కంటి గురించి రాసేటప్పుడు ఇబ్నుల్ హైసమ్ దగ్గర మొదలుపెట్టడం మనవాళ్లకు దస్తూర్. ఆయన గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ ఈ కథలో ఆయన లేడు, లాక్కురావడం నాకిష్టం లేదు. ఇది ఎడిన్‌బరోలో మొదలవుతుంది.

1809లో జేమ్స్ వార్డ్రాప్ అనే స్కాట్లండ్ సర్జన్ చిన్నపిల్లల కళ్లలో పెరిగే ఈ మెత్తటి గడ్డ వేరే జబ్బని, రెటీనాలో పుడుతుందని రాశాడు. తొందరగా కన్ను తీసేస్తేనే ప్రాణం దక్కుతుందన్నాడు. అప్పటికి మత్తుమందు లేదు. నెలల పిల్లాణ్ని నలుగురు పట్టుకుంటే కన్ను తీయాలి, అందుకే చాలామంది ఒప్పుకునేవాళ్లు కాదు. క్లోరోఫాం 1847లో వచ్చింది, అదీ ఎడిన్‌బరోలోనే. (క్లోరోఫాం అనగానే హైదరాబాద్ గుర్తుకు రావాలి. అది గుండెను ఆపేస్తుందా లేదా తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు మన ఊళ్లోనే కూర్చున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు, ఖర్చు మహబూబ్ అలీ ఖాన్ సర్కార్‌ది. గుండెకేం భయం లేదని తేల్చారు. ఆ తీర్పు తర్వాత తప్పని రుజువైంది. పైసా మనది, తప్పు కూడా మన ఊరి పేరు మీదే పడింది.)

1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం కనిపెట్టాడు. గడ్డ బయటికి పొడుచుకు రాకముందే చూడగలిగారు, ముందే తీయగలిగారు, పిల్లలు బతకడం మొదలైంది. అసలు రహస్యం బయటపడింది అప్పుడే. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు పెద్దవాళ్లయ్యేవాళ్లే కాదు కదా, ఇది విరాసత్‌లో వస్తుందో రాదో ఎవరికి తెలుస్తుంది? బ్రెజిల్‌లో ఇలారియో ద గోవియా అనే కంటి డాక్టర్ 1872లో ఒక అబ్బాయికి కన్ను తీశాడు. ఆ అబ్బాయి బతికాడు, పెళ్లి చేసుకున్నాడు, ఔలాద్ కలిగింది. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలకు రెండు కళ్లలోనూ అదే గడ్డ వచ్చింది. ఇలాజ్ కుదిరింది కాబట్టే విరాసత్ కనబడింది. అయినా చిక్కు విడిపోలేదు. తండ్రికి ఉంటే కొందరు పిల్లలకే వస్తోంది. ఖాందాన్‌లో ఏడు తరాలు వెతికినా ఎవరికీ లేనివాళ్లకూ వస్తోంది, నిజానికి ఎక్కువమంది వాళ్లే. మా చెల్లెలిలాంటి తల్లుల నెత్తిన ఇల్జామ్ పడేది సరిగ్గా ఈ ఖాళీలోంచే. కారణం కనబడని చోట ఆడదాని తప్పు వెతకడం అన్ని మజహబ్‌ల వాళ్లకూ అలవాటే.

దాదాపు వందేళ్లు అలాగే గడిచాయి. 1926లో జబ్బుకు రెటినోబ్లాస్టోమా అన్న పేరు ఖరారైంది, అంతకుమించి చెప్పుకోదగ్గది తక్కువ.

1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టర్ కాగితం, పెన్సిలుతో ఈ చిక్కు విప్పాడు. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఆసుపత్రి రిజిస్టర్లలోంచి 48 మంది పిల్లల కేసులు తీశాడు. ఏ వయసులో జబ్బు బయటపడింది, ఒక కన్నా రెండు కళ్లా అని లెక్క గీశాడు. రెండు కళ్లకూ వచ్చిన పిల్లలకు చాలా చిన్న వయసులో వస్తోంది, గీత తిన్నగా దిగుతోంది. అలా దిగితే ఒకే ఒక్క దెబ్బతో జరిగే పని అని లెక్కల కాయిదా. ఒక కన్నే పోయినవాళ్లకు కొంచెం ఆలస్యంగా వస్తోంది, గీత వంగింది. వంగితే రెండు దెబ్బలు తగలాలి. నడ్సన్ ఇలా అన్నాడు: అందరికీ కావలసినవి రెండు దెబ్బలే. కాకపోతే కొందరు పిల్లలు మొదటి దెబ్బ తిని మరీ పుడతారు.

దీన్ని మన ఇళ్ల భాషలో చెప్పుకుంటే, ప్రతి జన్యువూ మనలో జతగా ఉంటుంది, ఒక ప్రతి అమ్మీది, ఒక ప్రతి అబ్బాది. రెండిట్లో ఒకటి చెడినా రెండోది కాపాడుకుంటూ వస్తుంది. రెండూ చెడిన కణమే దారి తప్పుతుంది. ఒక ప్రతి చెడే పుట్టిన పిల్లాడి ఒంట్లో కోట్ల కణాలన్నీ సగం గోడ కూలిన ఇళ్లే. వాటిలో ఎక్కడో ఓ చోట రెండో గోడ కూలడం పెద్ద వింత కాదు, అందుకే రెండు కళ్లూ, అందుకే అంత తొందరగా. నడ్సన్ ఇదంతా రాసేనాటికి ఆ జన్యువును చూసినవాళ్లు లేరు. 48 కాగితాల మీది వయసులు చూసి దాని స్వభావం చెప్పాడు. పత్రికలో పనిచేసేవాడిగా నాకు ఈ తహ్కీక్ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే. కొత్త మెషీన్ లేదు, పాత రిజిస్టర్‌ను ఎవరో సరిగా చదివారు, అంతే.

ఇక్కడ కాసేపు కంటిని వదిలి పారిస్ వెళ్లాలి. చెడిపోయిన ఆ జన్యువు చేసే పని అర్థం కావాలంటే, అసలు జన్యువులను ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు అన్నది తెలియాలి.

ప్రతి కణంలో డి.ఎన్.ఏ. అనే అసల్ కితాబ్ ఉంటుంది. అది బయటికి రాదు. కావలసిన పేజీ నకల్ తీసుకుని, ఆ నకల్ చూసి ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది కణం. రిజిస్ట్రార్ ఆఫీసులో అసలు దస్తావేజు లోపలే ఉండి మనకు నకలు మాత్రం ఇచ్చినట్టు. ఈ నకల్ రాసే కాతిబ్ కూడా ఒక ప్రోటీనే, పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేస్. మరి ఏ పేజీ ఎప్పుడు రాయాలో కాతిబ్‌కు చెప్పేదెవరు? పారిస్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో దీనికి జవాబు రాశారు. కొన్ని జన్యువుల పని ఏదీ తయారుచేయడం కాదు, వేరే జన్యువులను ఖామోష్‌గా ఉంచడం. పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాలో పాలచక్కెర లేనప్పుడు దాన్ని అరిగించే పేజీ మీద ఒక రిప్రెసర్ కూర్చుని ఉంటుంది. పేజీ మీద రాయి పెట్టినట్టే, కాతిబ్‌కు దారి ఉండదు. ఆ రాయి ప్రోటీనేనని 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ చూపించారు.

అందరూ ఆ రాయి నమూనానే పట్టుకున్నారు చాలాకాలం. కానీ మనలాంటి జీవుల కణాల్లో బందోబస్తు ఇంకోరకంగా కూడా ఉంటుందని తర్వాత బయటపడింది. కాతిబ్ ఊరికే వచ్చి రాయడు. పేష్కార్ ఉండాలి, ఫైలు తెరిచి "ఇదిగో ఇక్కణ్నుంచి రాయండి" అని పిలిచే ప్రోటీన్ ఒకటి పేజీ దగ్గర నిలబడాలి. పేజీని మూయాలంటే దాని మీద రాయే పెట్టనక్కర్లేదు. పేష్కార్‌ను అక్కడే నిలబడనిచ్చి, పిలిచే చేతిని పట్టేసుకున్నా చాలు. 1987లో హార్వర్డ్‌లో మార్క్ ప్టాష్నే దగ్గర ఈస్టులో ఇది చాలా శుభ్రంగా కనిపించింది. గాల్4 అనే ప్రోటీన్ డి.ఎన్.ఏ. మీద నిలబడి ఉంటుంది, దాని కొసన ఉన్న 30 అమైనో ఆమ్లాల తోకను గాల్80 అనే ఇంకో ప్రోటీన్ గుర్తుపట్టి కప్పేస్తుంది. గాలక్టోజ్ చక్కెర వస్తే పట్టు సడలుతుంది, పేజీ తెరుచుకుంటుంది. రొట్టె పిండిని పొంగించే ఈస్టులో ఉన్న ఈ ఏర్పాటుకూ మా పిల్లాడి కంటికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

మళ్లీ కంటికి వద్దాం. ఈ జబ్బున్న కొందరు పిల్లల్లో 13వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోవడం అప్పటికే చూసి ఉన్నారు. బోస్టన్ కంటి ఆసుపత్రిలో థాడియస్ డ్రైజా అనే డాక్టర్ తీసేసిన కళ్లలోని గడ్డలను దాచి, వాటి డి.ఎన్.ఏ.లో ఆ ఖాళీ కోసం వెతికాడు. పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబులో ఉన్న స్టీఫెన్ ఫ్రెండ్‌తో చేయి కలిపాడు. 1986లో జన్యువు దొరికింది. దానికి ఆర్‌బి అని పేరు. దాన్ని చూసి తయారయ్యే ప్రోటీన్ పొడవు 928 అమైనో ఆమ్లాలు. అప్పటిదాకా క్యాన్సర్ జన్యువులంటే ఉండి చెడు చేసేవే. లేకపోవడం వల్ల చెడు జరిగే జన్యువును మొదటిసారి చేతికి తీసుకున్నది ఇదే. అయితే ఆర్‌బి ఉంటే ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియలేదు. తాళం పోయిందని తెలిసింది, ఏ తలుపుదో తెలియలేదు.

జవాబు ఎవరూ చూడని దిక్కునుంచి వచ్చింది. అడినోవైరస్‌లని ఒక ఖాందాన్ ఉంది, మనకు జలుబూ కండ్లకలకా తెచ్చేవి. కణంలో దూరగానే ఈ వైరస్ మొదట తయారుచేసుకునే ప్రోటీన్ పేరు ఈ1ఏ. ఇది ల్యాబులో కణాలను క్యాన్సర్ దారి పట్టిస్తుంది. న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ల్యాబులో ఎడ్ హార్లో బృందం ఈ1ఏను యాంటీబాడీలతో గాలం వేసినట్టు బయటికి లాగేవాళ్లు. లాగినప్పుడల్లా కణంలోని వేరే ప్రోటీన్లు కొన్ని దాన్ని పట్టుకుని వేలాడుతూ వచ్చేవి. వాటి బరువులు కొలిచి పెట్టుకున్నారు, ఒకటి 105 వేల డాల్టన్ల దగ్గర ఉంది. ఆర్‌బి ప్రోటీన్ బరువూ అక్కడే ఉందని తెలిశాక రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటే! 1988లో ఈ సంగతి అచ్చయింది. పిల్లల కంటి క్యాన్సర్‌లో కనబడకుండా పోయిన ప్రోటీన్‌నే జలుబు వైరస్ వెతికి వెతికి పట్టుకుంటోంది. ఆ తర్వాత కోతుల్లో ఉండే ఎస్‌వి40 వైరస్ కూడా అదే చేస్తోందని తేలింది. 1989లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పివి వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్ కూడా. ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు దొంగలు ఒకే పహరాదారు మెడ పట్టుకున్నారంటే, అతని వెనకాల ఉన్న తలుపు ఎంత విలువైనదై ఉండాలి!

ఆ తలుపును ఇంకో దారిలో వెతుకుతున్నవాడు జోసెఫ్ నెవిన్స్. ఆయనకు కంటితో పనిలేదు. ఈ1ఏ వచ్చాక వైరస్ తాలూకు ఈ2 అనే జన్యువు ఎందుకు తెరుచుకుంటోందన్నదే ఆయన సవాల్. 1986లో దాన్ని తెరిచే ప్రోటీన్‌ను గుర్తించాడు. అది వైరస్‌ది కాదు, మన కణానిదే. ఈ2ను తెరిచే ఫ్యాక్టర్ కాబట్టి ఈ2ఎఫ్ అన్నారు. పేరు వైరస్ ఇచ్చింది, మనిషి మనవాడే. మామూలు కణంలో ఈ2ఎఫ్ ఒంటరిగా తిరగదని, ఇంకేవో ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయని, ఈ1ఏ వచ్చి ఆ పట్టు విడిపిస్తుందని 1990లో తేలింది. పట్టుకున్నవాళ్లలో ఒకరు ఆర్‌బి అని 1991లో రుజువైంది. నెవిన్స్ బృందపు ఆ పేపర్‌లో మొదటి పేరు శ్రీకుమార్ చెల్లప్పన్. అదే ఏడు అదే మాట చెప్పిన ఇంకో పేపర్‌లో శ్రీలత బాగ్చి, ప్రదీప్ రాయ్‌చౌధురి. ఈ పేర్ల దగ్గర కళ్లు ఒక నిమిషం ఆగుతాయి, అంతకంటే గర్వపడ్డానికి నాకేం హక్కు లేదు.

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పిన జుమ్లా మొత్తం కనబడుతుంది. ఈ2ఎఫ్ పేష్కార్. కణం రెండుగా చీలాలంటే ముందు డి.ఎన్.ఏ. మొత్తాన్ని ఇంకో ప్రతి తీయాలి, దానికి కావలసిన సరంజామా పేజీలన్నీ తెరిపించేది ఈ2ఎఫ్. (ఒక్కడు కాదు, అన్నదమ్ముల ఖాందాన్ ఉంది, ఇక్కడ ఒక్కడనుకుంటే చాలు.) ఆర్‌బి ఈ పేష్కార్‌ను పేజీ దగ్గర్నుంచి వెళ్లగొట్టదు. కాతిబ్‌ను పిలిచే దాని చేతిని తనలోని ఒక గాడిలో ఇరికించుకుని పట్టుకుంటుంది. ఆ గాడిలో ఈ2ఎఫ్ తాలూకు 18 అమైనో ఆమ్లాల ముక్క ఎలా కూర్చుంటుందో 2002లో ఎక్స్‌రేతో బొమ్మ కూడా తీశారు. పేష్కార్ నిలబడే ఉంటాడు, పిలవలేడు. కాతిబ్ రాడు, నకల్ తయారు కాదు. పైగా ఆర్‌బి ఒంటరిగా ఉండదు. డి.ఎన్.ఏ. చుట్టలను బిగించే ఎంజైమ్‌లను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుందని 1998లో తెలిసింది. చేయి పట్టుకోవడమే కాదు, పుస్తకం మూసి దారం కూడా చుట్టిస్తుందన్నమాట.

ఎల్లకాలం పట్టుకుంటే పిల్లలు పెరగరు, గాయాలు మానవు. అందుకని ఖుద్రత్ విడిపించే ఏర్పాటూ పెట్టింది. పెరగమని బయటినుంచి హుకుం వచ్చినప్పుడు కణంలో సైక్లిన్-సి.డి.కె. అనే జంట ప్రోటీన్లు తయారై ఆర్‌బి ఒంటి మీద ఫాస్ఫేట్ మొహర్లు కొడతాయి. ఒకటి కొట్టి, ఇంకోటి కొట్టి, చాలినన్ని పడ్డాక ఆర్‌బి రూపం మారి చేయి వదిలేస్తుంది. పేష్కార్ పిలుస్తాడు, కాతిబ్ వస్తాడు, కణం చీలుతుంది. పని అయ్యాక మొహర్లు చెరిగిపోతాయి, మళ్లీ పట్టు. ఈ మొహర్లు కొట్టేవాణ్ని కూడా ఆపే పి16 అనే ప్రోటీన్ ఉందని 1993లో కనుక్కున్నారు. పి16 సి.డి.కె.ను ఆపుతుంది, సి.డి.కె. ఆర్‌బిని ఆపుతుంది, ఆర్‌బి ఈ2ఎఫ్‌ను ఆపుతుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడని మన ముసలివాళ్లు ఊరికే అనలేదు.

రెటీనా కణాలు తయారవుతూ, చీలుతూ ఉండేది జీవితం తొలిదశలోనే. తర్వాత ఆ పని ఆగిపోతుంది. అందుకే ఈ జబ్బు పిల్లలకే వస్తుంది, అదీ ఎక్కువగా ఐదేళ్ల లోపు. చీలే పనిలో ఉన్న కణంలో ఆర్‌బి రెండు ప్రతులూ పోతే, చేయి పట్టుకునేవాడు లేక పేష్కార్ పిలుస్తూనే ఉంటాడు. ఫ్లాష్ ఫొటోలో మేమంతా చూసి నవ్విన ఆ తెల్లటి మెరుపు, ఆగకుండా చీలిన ఆ కణాల గుట్ట మీద వెలుతురు పడి వెనక్కి రావడమే.

వైరస్‌ల ముచ్చట ఎందుకు అంత సేపు రాశానంటే, అందులో మన ఆడపిల్లల మాట ఉంది. హెచ్‌పివి వైరస్ ఈ7తో ఆర్‌బిని పట్టుకోవడమే కాదు, దాన్ని కణం చెత్తలో వేయిస్తుంది. కంటి జబ్బులో పహరాదారు పుట్టుకతోనే సగం లేడు. గర్భాశయ ముఖద్వారంలో ఉన్నవాణ్నే వైరస్ మాయం చేస్తోంది. ఫలితం ఒక్కటే. ఆ వైరస్‌ను కణంలోకే రానివ్వకుండా ఆపే టీకా ఉంది. టీకా పేరెత్తగానే మన మొహల్లాల్లో వాట్సాప్ ఆడియోలు తిరుగుతాయి, ఔలాద్ కలగకుండా చేస్తారని. ఆ ఆడియో పంపేవాళ్లు క్యాన్సర్ వార్డులో ఒక పూట కూర్చుని రావాలని నా కోరిక.

మందుల సంగతి. సి.డి.కె.4, 6లను ఆపి, ఆర్‌బి మీద మొహర్లు పడకుండా చేసే పాల్బోసిక్లిబ్ అనే మందుకు 2015లో అమెరికాలో మొదట అనుమతి వచ్చింది, కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకు. పి16 చేసే పనినే ఒక మాత్ర చేస్తుంది. ఇది చదివిన రాత్రి నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను, మా పిల్లాడి కోసం. పొద్దున తేరుకుని ఆలోచిస్తే అర్థమైంది. మొహర్ పడకుండా ఆపితే పట్టు నిలవాలంటే, పట్టుకునేవాడంటూ ఉండాలి కదా. వాడి గడ్డలో ఆర్‌బియే లేదు. ఆ మాత్ర అక్కడ ఎవరి చేయినీ గట్టిపరచలేదు.

1989లో వచ్చిన ఇంకో ఫలితం నేను మా ఖాందాన్‌లో కూర్చోబెట్టి మరీ చదివి వినిపించాను. ఇంట్లో ఎవరికీ లేకుండా బిడ్డకు కొత్తగా వచ్చిన మార్పు అమ్మీ ప్రతిలో వచ్చిందా, అబ్బా ప్రతిలో వచ్చిందా అని వెతికితే, చాలా ఎక్కువసార్లు అది తండ్రి ప్రతిలోనే కనబడింది. లెక్క సూటిదే. ఆడపిల్ల అండాలు ఆమె పుట్టకముందే తయారై ఉంటాయి. మగవాడి వీర్యకణాలు జీవితమంతా తయారవుతూనే ఉంటాయి, ప్రతిసారీ మొత్తం కితాబ్ కొత్తగా రాయాలి, రాసినప్పుడల్లా అక్షరం తప్పే అవకాశం. ఇందులో గునా ఎవరిదీ లేదు, తండ్రిది కూడా కాదు. సిగరెట్టు తాగినందుకు, జుమ్మా నమాజ్ ఎగ్గొట్టినందుకు వచ్చింది కాదు. కానీ ఏళ్ల తరబడి ఒకరి మీదే వేలు చూపించిన ఇంట్లో, వేలు ఉన్నట్టుండి ఇటు తిరిగేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆడబిడ్డ లేచి చాయ్ పెట్టడానికి వెళ్లిపోయింది.

పిల్లాడి రక్తం పరీక్షలో ఆర్‌బి ఒక ప్రతి చెడి ఉన్నట్టు తేలింది. రెండు కళ్లకూ వస్తే అలా ఉండటం ఖాయమే. తల్లి రక్తంలో, తండ్రి రక్తంలో ఆ మార్పు కనబడలేదు. అంటే కొత్తగా వచ్చింది. మా చెల్లెలి మొగుడు ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఎవరిదో వలీమా ఉంది. తర్వాత ఎప్పుడు పెళ్లాన్ని ఏమన్నాడో నాకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. పిల్లాడు పెద్దయి తన పిల్లల్ని కనేనాడు ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం ఉందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పుట్టగానే చూపించాలి, ఆలస్యం చేయొద్దు. వాడికి కూడా ఎముకల్లో, వేరేచోట ఇంకో గడ్డ రాకుండా జీవితమంతా కనిపెట్టుకుని ఉండాలి. ఇవి చెప్పినప్పుడు మా చెల్లెలు ఏడవలేదు. నోటుబుక్కులో ఉర్దూలో రాసుకుంది.

ఇది చదివే తల్లులకు రెండు మాటలు. ఈ జబ్బు పదిహేను, ఇరవై వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఫ్లాష్‌లో తెల్లగా పడిన ప్రతి కన్నూ ఇదే కాదు, శుక్లం కావచ్చు, ఫొటో తీసిన కోణం కావచ్చు. అయినా ఒక్కసారి కనబడినా, మెల్లకన్ను మొదలైనా, ఆ వారంలోనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఈ ఇలాజ్ ఉంది. తొందరగా చూపిస్తే ఈ క్యాన్సర్‌లో బతికేవాళ్లే ఎక్కువ. దువా చేయండి, నేనూ చేస్తాను. చేస్తూనే బస్సెక్కండి.

పోయినేడు మా చెల్లెలికి కూతురు పుట్టింది. అమ్మానాన్నల రక్తంలో కనబడకపోయినా ఆ మార్పు ఎక్కడో కొన్ని బీజకణాల్లో దాగి ఉండే వీలుందట, అందుకని పిల్ల రక్తం కూడా పరీక్షకు పంపారు. లేదని వచ్చింది. అన్న బడికి పోతున్నాడు. ఎడమవైపు పెట్టిన నకిలీ కన్ను రంగు బాగా కలిసింది, తెలియనివాళ్లు పట్టుకోలేరు. ఆ కన్నును తీసి కడిగి మళ్లీ పెట్టడం వాడే నేర్చుకున్నాడు, చెల్లెలికి చూపించి భయపెడుతుంటాడట.

పిల్లకు రిపోర్టు వచ్చాక కూడా మా చెల్లెలు దాన్ని ఫొటో తీయని రోజు లేదు. పట్టపగలైనా, ఆరుబయటైనా ఆమె ఫోన్లో ఫ్లాష్ వేసే ఉంటుంది.